తెల్ల మచ్చ పడ్డ పన్ను మళ్లీ గట్టిపడుతుందా? గమ్ము, పేస్టుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

అంబాజీపేట కొబ్బరి | శనివారం, రాత్రి 9:40

నమస్కారమండి. మాది కొబ్బరి కమిషన్ కొట్టు. నా ప్రశ్న రెండు నోళ్ల గురించి. ఒకటి మా అమ్మాయిది, రెండోది నాది.

అమ్మాయికి ఏడేళ్లు నిండాయి. పాలపళ్లు ఊడి ముందు పైపళ్లు రెండూ కొత్తగా వచ్చాయి. పోయిన వారం ఫొటో తీస్తుంటే ఒక పంటి మీద, చిగుళ్ల దగ్గర, సున్నంతో చుక్క పెట్టినట్టు తెల్లగా కనిపించింది. గోటితో గీకినా పోలేదు. అమలాపురంలో పళ్ల డాక్టరుగారికి చూపిస్తే గాలి కొట్టి ఆరబెట్టి చూశారు. "ఇది ఇంకా పుచ్చు కాదు, పుచ్చుకి మొదలు. ఫ్లోరైడ్ పేస్టు వాడించండి, మాటిమాటికీ తీపి పెట్టకండి, నాలుగు నెలలు పోయాక తీసుకురండి" అన్నారు. నింపలేదు, మందు రాయలేదు. మా అత్తగారు ఆ రోజు నుంచి ఒకటే సణుగుడు, "ఫీజు తీసుకుని ఏమీ చెయ్యకుండా పంపేశాడు" అని.

ఇక నా సంగతి. గుట్కా మానేసి నాలుగు నెలలైంది (చప్పట్లు తర్వాత కొడుదురుగాని). దాని బదులు చూయింగ్ గమ్ నములుతున్నాను, రోజుకి ఆరేడు. గమ్ము నమిలితే పంటి మీద పింగాణీ మళ్లీ పెరుగుతుందని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది కదా, ఆ ధైర్యం కూడా ఉంది. తీరా చూస్తే పెరగడం మాట దేవుడెరుగు, ఎడమ దవడ పన్ను చల్లనీళ్లకి జివ్వుమంటోంది. వీడియో అబద్ధమా, నా పన్ను అబద్ధమా?


పాలకొల్లు పిన్ని | శనివారం, రాత్రి 10:05

గుట్కా మానేసినందుకు ముందు నా ఆశీస్సులు. తర్వాత మందలింపు. మా నాన్నగారు కచ్చికతో తోముకునేవారు, నోట్లో వేపపుల్లతో కాలవగట్టు మీద ఊరంతా తిరిగొచ్చేవారు. ఎనభై రెండేళ్లకి పోయేటప్పుడు కూడా చెరకుముక్క కొరికారు. ఈ పేస్టులు, గమ్ములు ఎవరికోసం?


బీడీఎస్ తణుకు | శనివారం, రాత్రి 10:50

కొబ్బరిగారూ, ముందు ఒక్క పని చెయ్యండి. మీరు నమిలే గమ్ము కాగితం మీద పదార్థాల్లో మొట్టమొదటి మాట ఏముందో చదివి ఇక్కడ రాయండి. మిగతాది తర్వాత చెబుతాను.

మీ అమ్మాయి సంగతికి వస్తే, డాక్టరుగారు ఏమీ చెయ్యకుండా పంపలేదండి. మర పెట్టి తొలిచేస్తే తిరిగి రాని పన్నుని తొలవకుండా వదిలారు. ఆ ఫీజు దానికే. అత్తగారికి అలా చెప్పి చూడండి.


అంబాజీపేట కొబ్బరి | ఆదివారం, ఉదయం 7:15

కళ్లజోడు పెట్టుకుని చదివాను. మొదటి మాట: చక్కెర. రెండోది గమ్ బేస్. మూడోది గ్లూకోజ్ పాకం.

నాలుగు నెలలండీ!


రొయ్యల రాజు | ఆదివారం, ఉదయం 7:32

హహ్హ. చెరువులో సున్నం చల్లుతున్నాననుకుని బెల్లం చల్లారన్నమాట.


బీడీఎస్ తణుకు | ఆదివారం, ఉదయం 11:20

నవ్వకండి రాజుగారూ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసేది ఇదే.

జరిగేదేమిటంటే, పంటి పై పొర, మనం ఎనామిల్ అనేది, బరువులో 96 శాతం దాకా ఖనిజమే. శరీరంలో అంత గట్టి పదార్థం ఇంకోటి లేదు. కానీ అందులో జీవకణాలు లేవు. ఆ పొరని కట్టిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి రాగానే పోతాయి. చెయ్యి గీరుకుంటే చర్మం వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌కి ఆ సదుపాయం లేదు. కాబట్టి "మళ్లీ పెరుగుతుంది" అని వీడియోలో అన్న మాట తప్పు.

అయితే ఆ పొర రోజూ కాస్త కరుగుతూ, కాస్త పూడుతూ ఉంటుంది. మనం తీపి తిన్నప్పుడు పళ్ల మీద పాచిలో ఉన్న బ్యాక్టీరియా ఆ చక్కెరని తిని ఆమ్లం వదులుతుంది. కొద్ది నిమిషాల్లోనే పంటి మీద పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) దిగిపోతుంది. 5.5 కంటే కిందకి వచ్చిందంటే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి రావడం మొదలు. ఆ తర్వాత లాలాజలం ఆమ్లాన్ని విరిచి పీహెచ్‌ని పైకి లాగుతుంది. దానికి అరగంట నుంచి గంట పడుతుంది. అప్పుడు లాలాజలంలో కరిగి ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలోకి వెళ్లి కూర్చుంటాయి. కరిగింది ఎక్కువై పూడింది తక్కువైతే తెల్ల మచ్చ. ఇంకా ముదిరి పై పొర కూలిపోతే గుంట. మచ్చ దశలో ఉంటే వెనక్కి తిప్పొచ్చు. గుంట పడ్డాక గమ్ము కాదు కదా, అమృతం పోసినా పూడదు, నింపాల్సిందే.

ఇంతకీ గమ్ము చేసేదల్లా నోరు ఊరించడమే. నమలడం మొదలెట్టగానే లాలాజలం పది రెట్ల దాకా పెరుగుతుంది. అలా ఊరినదానిలో ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కూడా ఎక్కువ ఉంటుంది. అందుకే తిన్న తర్వాత ఇరవై నిమిషాలు చక్కెర లేని గమ్ము నమలమంటాం. చక్కెర ఉన్నదైతే లాలాజలం ఒక చేత్తో తుడుస్తుంటే మీరు ఇంకో చేత్తో పూస్తున్నట్టే. అదీ రోజుకి ఆరేడు సార్లు.


రొయ్యల రాజు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

డాక్టరమ్మగారూ, ఇది అచ్చంగా మా భీమవరం లెక్కేనండి. రొయ్య గుల్ల విడిచినప్పుడు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లేకపోతే కొత్త గుల్ల గట్టిపడదు. చేత్తో నొక్కితే సొట్ట పడుతుంది, దాన్ని మేం లూజ్ షెల్ అంటాం, కొనేవాడు రేటు కోసేస్తాడు. అందుకని పొద్దునా సాయంత్రం పీహెచ్ చూసుకుంటాం. ఏడున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య ఉండాలి. దిగితే సున్నమో డోలమైటో చల్లుతాం, మినరల్స్ కొడతాం. మేత ఎక్కువేశామా, అడుగున కుళ్లి మొత్తం పాడు. ఇప్పుడు అర్థమైంది. నోరు చెరువు, లాలాజలం నీళ్లు, తీపి మేత. మా ఆవిడకి ఇలాగే చెప్పాను, "రొయ్యల మీద ఉన్న శ్రద్ధ పళ్ల మీద లేదేం" అంది.


బీడీఎస్ తణుకు | ఆదివారం, మధ్యాహ్నం 2:45

భేషుగ్గా చెప్పారు, ఈసారి క్లినిక్‌లో వాడుకుంటాను. ఒక్కటే తేడా. రొయ్య ప్రాణమున్నంతకాలం పాత గుల్ల వదిలి కొత్తది తొడుక్కుంటుంది. మనకి ఆ అవకాశం ఒక్కసారే, పాలపళ్లు ఊడినప్పుడు. కొబ్బరిగారి అమ్మాయికి ఆ పంటి విషయంలో అది అయిపోయింది.


పాలకొల్లు పిన్ని | ఆదివారం, సాయంత్రం 4:30

అదంతా సరేనమ్మా. ఫ్లోరైడ్ అంటేనే నాకు భయం. మా ఆడపడుచుని నల్గొండ వైపు ఇచ్చాం. అక్కడి బోరు నీళ్లు తాగి మనుషులకి కాళ్లు వంకర్లు పోవడం, పళ్లు గోధుమరంగు తిరగడం కళ్లారా చూశాను. ఆ విషాన్ని పేస్టులో కలిపి పసిపిల్ల నోట్లో పెట్టమంటారా?


కెమిస్ట్రీ మాస్టారు | ఆదివారం, రాత్రి 8:00

పిన్నిగారి భయంలో న్యాయం ఉంది. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ దశాబ్దాలుగా ఉన్న సమస్యే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన దేశ ప్రమాణం, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అక్కడి బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. తాగేదీ అదే, వండేదీ అదే, ఏళ్ల తరబడి. మన డెల్టాలో తాగేది ఎక్కువగా కాలవ నీళ్లు. వాటిలో ఫ్లోరైడ్ తక్కువే. అదీ ఇప్పుడు ఊరూరా పెట్టిన ఆర్వో ప్లాంట్లలో చాలావరకు పోతుంది.

పేస్టు లెక్క చూద్దాం. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుంది. అంటే పావు మిల్లీగ్రాము, అదీ ఉమ్మేసేది. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా పాములా పిండి, పిల్లలు దాన్ని మింగుతూ ఉంటే మాత్రం పిన్నిగారి మాటే నిజమవుతుంది.

ఇక అది చేసే పని. ఎనామిల్ అంటే హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటికం. దాని ఫార్ములాలో పది కాల్షియంలు, ఆరు ఫాస్ఫేట్లు, రెండు హైడ్రాక్సిల్లు. ఆమ్లం ముందు పట్టుకునేది ఆ హైడ్రాక్సిల్నీ, ఫాస్ఫేట్‌నీ. ఫ్లోరైడ్ దగ్గర్లో ఉంటే, తిరిగి పూడేటప్పుడు హైడ్రాక్సిల్ ఉండాల్సిన కుర్చీలో ఫ్లోరైడ్ కూర్చుంటుంది. అలా కుదిరిన స్ఫటికం పీహెచ్ 4.5 దాకా దిగితే గాని కరగదు. 5.5 ఎక్కడ, 4.5 ఎక్కడ? పీహెచ్‌లో ఒక్క మెట్టు అంటే ఆమ్లం పది రెట్లు. అంటే అతుకు వేసిన చోటు అసలుకంటే గట్టిగా ఉంటుందన్నమాట. నాకు ఈ సబ్జెక్టులో ఇంత ముచ్చటైన విషయం ఇంకోటి కనపడదు.


మందులషాపు నరసాపురం | ఆదివారం, రాత్రి 9:15

కౌంటర్లో నిలబడి ఇప్పుడే ఎనిమిది డబ్బాలు తిప్పి చూశాను. నాకు తెలిసింది రాస్తున్నా, తప్పుంటే డాక్టరుగారు దిద్దండి.

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. ఎంత ఉందో డబ్బా మీదా ట్యూబు మీదా వెయ్యాలి. గడువు తేదీ కూడా. పదార్థాల్లో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో, సోడియం ఫ్లోరైడ్ అనో ఉంటుంది. మొదటిది 0.76 శాతం ఉన్నా, రెండోది 0.22 శాతం ఉన్నా లెక్క వచ్చేది ఇంచుమించు ఆ వెయ్యే. కాబట్టి శాతం చూసి "ఇందులో ఎక్కువ, అందులో తక్కువ" అని కంగారు పడక్కర్లేదు.

మూలికల పేస్టుల్లో చాలావాటికి ఫ్లోరైడే ఉండదు. జనం వచ్చి "పుచ్చు తగ్గే ఆయుర్వేదం పేస్టు" అని అడుగుతారు, నేను ఇస్తాను, వ్యాపారం కదండీ. మా ఇంట్లో మాత్రం వాడను.

జివ్వుమనే పళ్లకి అమ్మేవి రెండు రకాలు. ఒకదానిలో 5 శాతం పొటాషియం నైట్రేట్. అది నరాన్ని నెమ్మదింపజేస్తుంది, పంటిని బాగు చెయ్యదు. ఇంకోదానిలో కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని ఉంటుంది. రేటు ఎక్కువ. అది ఏం చేస్తుందో నాకు సరిగ్గా తెలీదు.


బీడీఎస్ తణుకు | ఆదివారం, రాత్రి 10:30

షాపుగారూ, మీలా డబ్బా వెనక చదివేవాళ్లు జిల్లాకి పదిమంది ఉన్నా చాలు.

మీరడిగిన రెండోది ఒక రకం గాజుపొడి. భయపడకండి, కిటికీ గాజు కాదు. 1969లో లారీ హెంచ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎముకకి అతుక్కునే గాజు కనిపెట్టారు, ఇది ఆ వంశంలోదే. తడి తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదులుతుంది. అవి పంటి మీద తెరుచుకుని ఉన్న, లోపల నరం వైపు వెళ్లే సన్నని గొట్టాలకి మూతలా పడతాయి. జివ్వుమనడం తగ్గేది అందుకే.

జపాన్‌లో ఇంకో దారి పట్టారు. ఎనామిల్ దేనితో తయారైందో ఆ అపటైట్‌నే అతి సన్నగా నూరి పేస్టులో కలిపారు. అక్కడ 1980 నుంచే అమ్మకంలో ఉంది. ఫ్లోరైడ్ మీద మాకున్న అనుభవం దాని మీద ఇంకా లేదు కాబట్టి నేను మొదట రాసేది ఫ్లోరైడ్ పేస్టే.

కొబ్బరిగారి దవడ పన్ను మాత్రం పేస్టు కొనుక్కుని ఊరుకోకుండా ఎవరికైనా చూపించండి. గుట్కా వాడిన నోరు కాబట్టి బుగ్గ లోపల కూడా చూడమనండి. ఇది నిర్లక్ష్యం చెయ్యొద్దు.


మెల్‌బోర్న్ ముమ్మిడివరం | సోమవారం, ఉదయం 5:50

అందరికీ ఇక్కడి నుంచి నమస్కారాలు. పాల సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని వచ్చాను. నేనుండే ఊరి యూనివర్సిటీలో ఎరిక్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసర్ బృందం పాలలోని కేసీన్ ముక్కలతో కాల్షియం, ఫాస్ఫేట్‌ని కలిపి పట్టి ఉంచే పదార్థం ఒకటి తయారుచేసింది. పొడుగు పేరు, సీపీపీ ఏసీపీ అంటారు. మామూలుగా ఆ రెండూ నీళ్లలో కలవగానే గట్టిపడి అడుగున కూర్చుంటాయి. కేసీన్ ముక్కలు వాటిని గడ్డ కట్టనివ్వకుండా పట్టుకుని, పంటి దాకా తీసుకెళ్లి వదులుతాయట. గమ్ముల్లో, పంటికి రాసే క్రీముల్లో కలిపారు. మా పాపకి క్లిప్పులు తీసినప్పుడు చుట్టూ తెల్ల మచ్చలు మిగిలితే ఆ క్రీము రాయమన్నారు.

మా నాయనమ్మ అన్నం ఆఖర్న పెరుగు లేకుండా లేవనిచ్చేది కాదు. ఆవిడకి ప్రొఫెసర్ ఎవరో తెలీదు.


బీడీఎస్ తణుకు | సోమవారం, ఉదయం 8:10

ఆ క్రీము మన దగ్గర కూడా దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. పాలు పడనివాళ్లు, అంటే పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లు, వాడకూడదు. పెరుగు మంచిదే, పంచదార కలపకపోతే.


కాకినాడ కుర్రోడు | సోమవారం, ఉదయం 9:00

జైలిటాల్ అని రాసి ఉన్న గమ్ము కొన్నాను. ఓకేనా? రోజుకి పది నములుతున్నా.


బీడీఎస్ తణుకు | సోమవారం, ఉదయం 9:25

జైలిటాల్ తియ్యగానే ఉంటుంది గాని, పుచ్చు తెచ్చే బ్యాక్టీరియాకి దాన్ని ఆమ్లంగా మార్చడం చేతకాదు. 1970ల్లో ఫిన్లాండ్‌లోని టుర్కు పట్టణంలో దాని మీద మొదటి పెద్ద పరిశోధనలు జరిగాయి. మంచిదే. కానీ పది ఎందుకయ్యా బాబూ, కడుపు జారుతుంది. దవడ కీలు నొప్పి పుడుతుంది. తిన్నాక ఒకటి, రోజుకి మూడు చాలు. ఇంట్లో కుక్క ఉంటే అందనివ్వకు, జైలిటాల్ కుక్కలకి ప్రాణాంతకం.


కాకినాడ కుర్రోడు | సోమవారం, ఉదయం 9:27

కడుపు సంగతి మీకెలా తెలిసింది మేడమ్?


కెమిస్ట్రీ మాస్టారు | మంగళవారం, రాత్రి 7:45

మా ఇంటర్ పిల్లలతో చేయించిన ప్రయోగం ఒకటి చెబుతాను. కోడిగుడ్డు సగం మీద ఫ్లోరైడ్ పేస్టు మందంగా పూసి, ఒక రాత్రి ఉంచి, కడిగి, వెనిగర్‌లో దించాం. పూయని సగం మీద బుడగలు బుసబుసా పొంగాయి, పూసిన వైపు అక్కడక్కడా మాత్రమే. పిల్లలు చప్పట్లు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "సార్, గుడ్డు పెంకు కాల్షియం కార్బనేట్ కదా, పన్ను ఫాస్ఫేట్ కదా, రెండూ ఒకటెలా అవుతాయి?" అంది. సరిగ్గా పట్టుకుంది. ఆ ప్రయోగం చూడటానికి బాగుంటుంది, పంటి గురించి రుజువు చేసేది తక్కువ. ఆ వాట్సాప్ వీడియోలో ఉన్నది కూడా ఇదే గుడ్డు అయ్యుంటుంది.

ఇంకోటి. డాక్టరుగారు గాలి కొట్టి ఎందుకు చూశారని ఎవరూ అడగలేదు. తడి విభూతి నుదుట రాసుకోండి, అప్పుడు కనపడీ కనపడనట్టు ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. విభూతి ఎక్కువ కాలేదు, రేణువుల మధ్య నీళ్లు పోయి గాలి చేరింది. వెలుగు గాలి దగ్గర ఎక్కువ చెదురుతుంది. ఖనిజం పోయిన పంటిలో కూడా అలాంటి సన్నని ఖాళీలే. తడిగా ఉంటే దాక్కుంటాయి, ఆరితే బయటపడతాయి. ఆరబెడితేనే కనిపించే మచ్చ లేతది, తడిలో కూడా కనిపించేది ముదిరింది.


పాలకొల్లు పిన్ని | మంగళవారం, రాత్రి 8:20

విభూతి మాట చెప్పి నా నోరు మూయించారు మాస్టారూ. సరే, మనవడికి ఫ్లోరైడ్ పేస్టే కొన్నాం. వాడికి రెండున్నరేళ్లు. ఎంత పెట్టాలి?


బీడీఎస్ తణుకు | మంగళవారం, రాత్రి 9:00

మూడేళ్ల లోపు బియ్యపు గింజంత. మూడు దాటాక బఠాణీ గింజంత. పెద్దవాళ్లు దగ్గరుండి తోమాలి. తోమాక ఉమ్మించండి, చెంబుడు నీళ్లతో పుక్కిలింపజెయ్యకండి. మనవాళ్లు నోరు పదిసార్లు పుక్కిలిస్తే గాని తోమినట్టు అనుకోరు, దాంతో కాస్తో కూస్తో పంటికి పట్టిన ఫ్లోరైడ్ అంతా సింకులోకి పోతుంది. రాత్రి తోమడం ఇంకా ముఖ్యం, నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. గమ్ము మాత్రం అంత చిన్నవాళ్లకి వద్దు, గొంతులో పడుతుంది.

మీ నాన్నగారి వేపపుల్లని నేనేమీ అనను. కచ్చికా, బొగ్గుపొడీ మాత్రం ఎనామిల్‌ని గరుకు కాగితంలా అరగదీస్తాయి. ఆయనకి పళ్లు నిలిచింది కచ్చిక వల్ల కాదు, రోజుకి రెండుపూటలా తిని మధ్యలో ఏమీ ముట్టకపోవడం వల్ల అని నా అనుమానం.


రొయ్యల రాజు | మంగళవారం, రాత్రి 9:40

గోలీసోడా తాగిన వెంటనే తోముకోవచ్చా?


బీడీఎస్ తణుకు | మంగళవారం, రాత్రి 9:52

వద్దు. నిమ్మకాయ సోడా అయినా, కూల్‌డ్రింక్ అయినా, తాగిన వెంటనే పై పొర మెత్తబడి ఉంటుంది, బ్రష్షు దాన్ని గీకేస్తుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. చక్కెర లేని గమ్ముకి అసలు సమయం అదే.


అంబాజీపేట కొబ్బరి | బుధవారం, రాత్రి 10:15

ఇవాళ కొట్లో కూర్చుని లెక్కేశాను. పొద్దున ఏడింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా తొమ్మిది టీలు, అన్నీ పంచదారవే. లారీవాడు వస్తే టీ, దింపువాళ్లొస్తే టీ, బేరం కుదిరితే టీ, కుదరకపోతే టీ. మధ్యలో గమ్ములు. అరగంటో గంటో పడుతుందన్నారు కదా పీహెచ్ లేవడానికి, ఇక నా నోరు లేచిందెప్పుడు? అమ్మాయి కూడా బడి నుంచి రాగానే కొట్లో కూర్చుని కొబ్బరుండ ముక్కలు ఒక్కొక్కటీ చప్పరిస్తూ ఉంటుంది. సాయంత్రమంతా.


అంబాజీపేట కొబ్బరి | నాలుగు నెలల తర్వాత, ఆదివారం, ఉదయం 8:30

ఈ చర్చ కిందకి పోయింది, పైకి తెస్తున్నాను. నిన్న అమ్మాయిని చూపించాం.

డాక్టరుగారు మళ్లీ గాలి కొట్టారు. ఈసారి నన్నూ దగ్గరికి పిలిచి చూపించారు. మచ్చ పోలేదండి. అంతే ఉంది. కానీ అప్పుడు సుద్దముక్కలా కాంతి లేకుండా ఉండేది, ఇప్పుడు పక్క పన్నులాగే నిగనిగలాడుతోంది. "తెల్లదనం ఉండిపోవచ్చు, గట్టిపడింది, అది చాలు" అన్నారు. ఫ్లోరైడ్ వార్నిష్ ఒక పూత పూశారు, 22,600 పీపీఎం అట, అందుకే అది క్లినిక్‌లోనే వెయ్యాలన్నారు. అత్తగారు ఈసారి ఫీజు గురించి ఏమీ అనలేదు. పూత వేశారు కదా, అందుకని.

నా దవడ పన్ను గుంటే. నింపించాను. బుగ్గ బాగానే ఉందన్నారు. టీలు నాలుగుకి దిగాయి, రెండు పంచదార లేకుండా. గమ్ము మార్చాను. కొత్తది నాలుగు రెట్లు ఖరీదు, పాన్‌షాపువాడికి నా మీద కోపం.


రొయ్యల రాజు | ఆదివారం, ఉదయం 8:41

మా చెరువులో ఈసారి కౌంట్ బాగానే వచ్చింది గాని, పోయిన వారం నాకు రెండు పళ్లు పీకారు. మాట్లాడలేను, టైపు చేస్తున్నాను.